పడదు

అడ్డగుట్ట మెట్ల మీద, మూడో మలుపులో
ఉంటుందామె. ఒక్కతే.
నా తెర మీద మాత్రం ముగ్గురు.

పిట్టల మణెమ్మ, యాభై రెండేళ్ళు.
మనెమ్మ పి., యాభై ఎనిమిది.
పి. మానమ్మ, భర్త పేరు గడిలో ఊరి పేరు,
వయసు సున్నా.
ముగ్గురికీ ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.
ముగ్గురూ పుట్టింది జనవరి ఒకటినే.

జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు
మా ఆసుపత్రిలో పదకొండు వేల మంది.
పెద్దవాన పడ్డ ఏడు, గొడ్లు కొట్టుకుపోయిన నెల,
తమ్మునికన్నా రెండు కాన్పుల ముందు...
ఇవేవీ పట్టే గడి లేక
కౌంటర్లో కుర్రాడు ఒకటీ ఒకటీ నొక్కుతాడు.
కొత్త సంవత్సరం పొద్దున
అందరికీ ఒకేసారి శుభాకాంక్షలు వెళ్తాయి.
నిరుడు ఒకాయన పనిగట్టుకుని వచ్చి అడిగాడు:
"నా పుట్టినరోజు మీకెట్ల తెలిసింది సార్,
నాకే తెల్వదు?"

సికింద్రాబాద్‌లో, నాలుగో అంతస్తులో, రాత్రి పూట
మూడు ఆసుపత్రుల రికార్డులను
ఒక్క పుస్తకంగా కుట్టడం నా పని.
ఒకచోట నాలుగు, ఐదు అంటే మే నెల.
ఒకచోట ఏప్రిల్.
షుగరు, చక్కెర జబ్బు, డీఎం
ఒకే మనిషి ఒంట్లో మూడు రోగాలు.
ఒకామె రాత్రికి రాత్రి నూట పది కిలోలైంది;
ఆ తూకం మిషను పౌన్లలో చూపిస్తుందని
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మణెమ్మకు పొద్దున తొమ్మిదింటికి గుండె డాక్టరు దగ్గర నంబరుంది.
మొదటి రికార్డులో సూది రాసి ఉంది.
అలర్జీలు: లేవు.
రెండోదాంట్లో ఆ గడి ఖాళీ.
ఖాళీ అంటే లేవని కాదు, అడగలేదని.
మూడోది స్కాన్ చేసిన కాగితం.
అడుగున, వంకరగా, ఎవరో నైట్ డ్యూటీ సిస్టర్ చేతిరాత:
"సూది పడదట."

పడదు.
మా అమ్మకు వంకాయ పడదు.
మా బాబాయిలిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.
జాబితా పైనుంచి కిందికి వెతికాను.
దద్దురు ఉంది, వాపు ఉంది, స్పృహ తప్పడం ఉంది.
పడదు లేదు.

ఏ సూది?

పదిన్నరకు ఫోన్ చేశాను.
నంబరు పక్కింటి ఆటో ఆయనది.
ఆయన మెట్లెక్కుతున్న ఆయాసం, కుక్క అరుపు, తలుపు చప్పుడు,
తర్వాత ఆమె.
"తెల్లగుంటది బిడ్డా, పాలలెక్క. పిర్రకిచ్చిండ్రు.
సూది తీయలే ఇంక, గొంతు మూసుకపోయింది.
కండ్లు తెరిస్తే తెల్లారింది."
స్పీకర్లో వింటున్న డాక్టర్ నుస్రత్
తాగుతున్న చాయ్ పక్కన పెట్టేసింది.
ఇంకో నాలుగు ప్రశ్నలడిగి,
పెన్సిలిన్ అని, తీవ్రం అని
తనే ఎక్కించింది.
పొద్దుటి సూది మీద ఎర్రగీత పడింది.

ఫోన్ పెట్టేసేముందు అడిగాను,
"నీ పేరెట్ల రాయాలమ్మా? ణ నా, న నా?"
"నాకేమెరుక? ఏదన్న రాయి.
పిలిస్తే పలుకుత."

మా మిషను పిలవదమ్మా.
పోలుస్తుంది.

ముగ్గురినీ కలిపాను.
ఆ సిస్టర్ ఎవరో, ఇప్పుడెక్కడుందో.
ఆమె రాసిన రెండు మాటలు
పద్నాలుగో పేజీ చీకట్లోకి పోవడం మనసొప్పక
పైనున్న గమనికల గడిలో ఉన్నదున్నట్టు కొట్టి
సేవ్ నొక్కాను.
నాలుగు ప్రశ్నార్థకాలు, ఒక ఖాళీ, మళ్ళీ నాలుగు.
ఈ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు పడదు.

ఫిర్యాదు రాస్తే ఒక నంబరిచ్చారు.
చాయ్ చల్లారింది, డాక్టరమ్మ వార్డుకు వెళ్ళిపోయింది.
తెల్లారేలోపు ఇంకా రెండువందల నలభై మంది ఉన్నారు,
అందులో ఎందరు ఒక్కరేనో.